మంగ్లీకి గడిచిన ఏడాది, మనకు మిగిలిన ప్రశ్న

(సంత్ సేవాలాల్ మహరాజ్ 283వ జయంతి సందర్భంగా 15 ఫిబ్రవరి 2022న జరిగిన ఆన్‌లైన్ సభలో, ఆలేరు చుట్టుపక్కల తండాల మంగ్లీ అభిమానుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



  పొద్దున తండాల్లో భోగ్ భండారో అయిపోయింది. కడుపులో ఇంకా ఆ తీపి ఉంది కాబట్టి మేము కొంచెం చేదు మాట్లాడినా మీరు ఓర్చుకుంటారని అనుకుంటున్నాం.

సభ పెట్టిన పెద్దలు మాకు ఫోన్ చేసి, "మీరంతా మంగ్లీ అభిమానులు గదా, పోయిన ఏడాది ఆమె మీద మస్తు చర్చలు జరిగినయి, దాని మీద మాట్లాడుండ్రి" అన్నారు. మేమెవరమో ముందు చెప్పుకోవాలి. ఆలేరు, రాజాపేట, తుర్కపల్లి, గుండాల మండలాల తండాల పిల్లలం. కొందరం ఆలేరులో ఇంటర్ చదువుతున్నాం. కొందరం పొద్దున సికింద్రాబాద్ రైలెక్కి పనికి పోయి రాత్రికి ఇల్లు చేరుతాం. మా దగ్గర సభ్యత్వ రసీదులు లేవు, బ్యానర్ కూడా లేదు. మంగ్లీ కొత్త పాట వస్తే మొదటి గంటలో వినడం, నలుగురికి పంపడం, ఎవరన్నా తక్కువ చేసి మాట్లాడితే కొట్లాడడం, ఇదే మా పని. ఈ మూడో పని గురించే ఇవాళ ఎక్కువ చెప్పాలి.

చిన్నపిల్లలు కూడా వింటున్నారు కాబట్టి ఆమె ఎవరో రెండు ముక్కల్లో చెప్తాం. అనంతపురం జిల్లా గుత్తి మండలం బసినేపల్లి తండాలో పుట్టారు. బడిలో పేరు సత్యవతి. తిరుపతిలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. హైదరాబాద్ వచ్చి వీ6 ఛానల్‌లో తీన్మార్ వార్తలతో ఇంటింటికీ తెలిసిపోయారు. అప్పుడే సత్యవతి మంగ్లీ అయ్యారు.

ఈ పేరు మార్పు దగ్గర మేము ఒక్క నిమిషం ఆగుతాం. మన దాదీల పేర్లు గుర్తు చేసుకోండి. సోమ్లి, మంగ్లి, బుధ్లి, సక్రి. ఏ వారం పుడితే ఆ వారం పేరు. మా తరంలో చాలామంది బడికి పోయినంక ఈ పేర్లు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాం. హాజరు పిలిచేటప్పుడు వెనక బెంచీ నుంచి నవ్వు వినపడేది. మాలో ఒక అక్క పదో తరగతి మెమోలో పేరు మార్పించుకుంది. అట్లాంటి రోజుల్లో ఒక పిల్ల చదువుకున్న పేరును పక్కకు పెట్టి తండా పేరుతో టీవీలోకి వచ్చింది. ఆమె గొంతు కన్నా ముందు మేము ఆ పేరుకు అభిమానులం అయ్యాం. 2020లో వచ్చిన 'స్వేచ్ఛ' సినిమాలో ఆమె తండా ఆడపిల్లగానే నటించారు. అదే ఏడాది 'అల వైకుంఠపురములో' సినిమా వచ్చింది. అందులో 'రాములో రాములా' పాటలో ఆమె గొంతు వినని పెళ్లి బరాత్ మా దిక్కు లేదు.

ఇక 2021కి వద్దాం.

ఫిబ్రవరిలో కన్నడ సినిమా 'రాబర్ట్' తెలుగు పాటతో ఏడాది మొదలైంది. ఆమె ఆ పాటను హుబ్బళ్లిలో వేదిక మీద తెలుగులోనే పాడితే, కన్నడ జనం తమ సినిమాలోని తెలుగు పాటను ఎత్తుకుని ఊరేగించారు. అదే నెల 28న 'లవ్ స్టోరీ' సినిమా నుంచి 'సారంగ దరియా' వచ్చింది. నెల దాటిన కొద్ది రోజులకే 10 కోట్ల వ్యూస్ దాటింది. మాలో ఒక తమ్ముడు రోజూ పొద్దున లేవగానే ఎన్ని లక్షలు పెరిగినయో గ్రూప్‌లో రాసేవాడు. కరోనా వల్ల ఆగిన సినిమా సెప్టెంబర్ 24న గానీ థియేటర్లకు రాలేదు. అప్పటికి ఆ పాట తెలియని ఇల్లు లేదు.

ఈ పాటతో మన ఆలేరుకు ఒక చుట్టరికం ఉంది. రాసింది సుద్దాల అశోక్ తేజ. మన పక్క గుండాల మండలంలోని సుద్దాల ఆయన ఊరు. తండ్రి సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఊరూరూ తిరిగి సంఘం పాటలు కట్టి పాడిన మనిషి. పల్లె జనం నోళ్లలో ఉన్న బాణీలు తీసుకుని, వాటిలో కొత్త మాట పోసి తిరిగి ఆ జనానికే ఇచ్చిన వాగ్గేయకారుడు. 'సారంగ దరియా' కూడా అట్లాంటిదే. పల్లవి జనం పాట, చరణాలు అశోక్ తేజ రాసినవి. గుండాల మండలం కవి, అనంతపురం తండా గొంతు. ఈ సంగతి తెలిసిన రోజు మేము ఆ పాట మా సొంతం అన్నంత సంబరపడ్డాం.

సంబరం ఇంకా తీరకముందే తగాదా వచ్చింది. కోమలి అనే జానపద గాయని బయటికి వచ్చి మాట్లాడారు. ఆ పాటను తాను ఏళ్ల కిందటే 'రేలా రే రేలా' అనే టీవీ కార్యక్రమంలో పాడానని, ఇప్పుడు తన పేరు ఎక్కడా లేదని చెప్పారు. జనం పాట ఒక్కరి సొత్తు కాదని కొందరన్నారు. జనంలోంచి దాన్ని వెతికి తెచ్చిన మనిషికి లెక్క లేదా అని కొందరన్నారు. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు ఇస్తామని అందరి ముందూ చెప్పారు.

ఆ పది రోజులు మేము ఏం చేశామో ఇవాళ దాచకుండా చెప్పాలి. కోమలి గురించి నోటికి వచ్చినట్టు రాశాం. "పేరు కోసం వచ్చింది", "మంగ్లీ మీద కుళ్లు" అన్నాం. ఆమె అడిగింది ఏంది, ఎవరిని అడిగింది అని మాలో ఒక్కరూ చదవలేదు. మంగ్లీ ఆ పాటను స్టూడియోకు పిలిస్తే పోయి పాడారు. కోమలి తగాదా మంగ్లీతో కాదు. అయినా మేము మధ్యలోకి దూకి, ఒక ఆడబిడ్డను కాపాడుతున్నాం అనుకుంటూ ఇంకో ఆడబిడ్డను తిట్టాం. ఆమె కూడా మన అక్క లాంటిదే, మట్టి పాట పాడుకుని పైకి రావాలనుకున్న మనిషే. అభిమానం కళ్లకు గంతలు కడుతుందంటే ఏందో అప్పుడు మాకు తెలియలేదు.

తర్వాత ఏప్రిల్, మే నెలలు వచ్చినయి. రెండో వేవ్ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఈ సభలో ఉన్న ప్రతి తండాకూ ఒక దుఃఖం ఉంది. మా తండాలో ఒక దాదీ పోయింది. తీజ్ పాటలు మొదలుపెట్టేది ఆమె. పెళ్లిలో పిల్లను సాగనంపేటప్పుడు ఢావ్లో ఎత్తుకునేది ఆమె. హోలీకి లెంగి పాడుతుంటే మగవాళ్లకు మాట అందించేదీ ఆమెనే. అంత్యక్రియలకు నలుగురమే ఉన్నాం. అప్పుడు మేము ఒక మనిషి పోయింది అనుకున్నాం. ఆమెతో ఇంకేం పోయిందో తెలియడానికి మూడు నెలలు పట్టింది.

జులైలో బోనాల పాట గొడవ. ఆ సంగతి మీ అందరికీ గుర్తే. మంగ్లీ పాడిన బోనాల పాటలో అమ్మవారిని 'మోతెవరి' అన్న మాటతో పిలిచారు. అది అమ్మవారిని కించపరచడమే అని కొందరు మండిపడ్డారు. పోలీసులకు ఫిర్యాదు కూడా వెళ్లింది. పల్లెల్లో ఆ మాటకు ఊరి పెద్ద అని అర్థం, ఇది పాత జానపదం అని ఆమె వివరణ ఇచ్చారు. తర్వాత పాటలో మాట మార్చారు.

మన తండాలో ఎవర్నడిగినా ఆ మాటలో తప్పు కనిపించదు. అదే ఆషాఢంలో మనం సీత్లా పండుగ చేసుకుంటాం. మన యాడీలు దేవతను ఎట్లా పిలుస్తారు? ఇంటి పెద్దమ్మతో మాట్లాడినట్టు పిలుస్తారు. గొడ్డూ గోదా చల్లగుండాలని అడుగుతారు. పట్టించుకోకపోతే దెప్పిపొడుస్తారు, అలుగుతారు కూడా. చేతులు కట్టుకుని దూరంగా నిలబడి మొక్కే భక్తి ఒకటి ఉంటుంది. పక్కన కూర్చుని కొంగు పట్టుకుని నిలదీసే భక్తి ఇంకొకటి ఉంటుంది. జానపదం రెండో దాంట్లోంచి పుట్టింది. ఈ తేడా తెలిసినవాళ్లు నెమ్మదిగా చెప్పాల్సిన సమయం అది.

కానీ మేము నెమ్మదిగా చెప్పలేదు. మేము చూసిన కామెంట్లలో కొందరు పాట మీద మాట్లాడారు, కొందరు ఆమె పుట్టుక మీద మాట్లాడారు. రెండో రకం వాళ్లను చూసి మా రక్తం మరిగింది, అది నిజం. ఆ కోపంలో మొదటి రకం వాళ్లను కూడా కలిపి తిట్టాం. నిజంగా నొచ్చుకున్న భక్తులు కూడా అందులో ఉంటారు కదా అని ఆలోచించలేదు. ఆ రాత్రి మాలో ఒకరి యాడి వంట చేసుకుంటూ మా ఫోన్ మాటలు వింది. "అంత పాట మీద ప్రేమ ఉన్నోళ్లు, మీ దాదీ పాట ఒకటి పాడుండ్రి" అంది. మేము నవ్వి ఊరుకున్నాం. పాడలేక నవ్వాం.

శ్రావణం వచ్చింది. తీజ్ పెట్టారు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లారు. తొమ్మిది రోజులు పొద్దూ మాపూ నీళ్లు పోస్తూ పాడాలి. మొదటి రోజు సాయంత్రం బుట్టల చుట్టూ పిల్లలంతా నిలబడ్డారు. ఎవరు ఎత్తుకోవాలి? ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎప్పుడూ దాదీ మొదలుపెట్టేది, వీళ్లు వెనక అందుకునేవాళ్లు. అందుకోవడం వచ్చు, ఎత్తుకోవడం రాదు. ఒక పాట రెండో చరణం దాకా పోయి ఆగిపోయింది. చివరికి మేమే బ్లూటూత్ స్పీకర్ తెచ్చి మంగ్లీ పాటలు పెట్టాం. పిల్లలు ఆడారు, బాగానే జరిగింది. కానీ ఆ తొమ్మిది రోజులూ మొలకలు మంగ్లీ గొంతు విని పెరిగినయి, మన దాదీ గొంతు విని కాదు. ఇందులో మంగ్లీ తప్పు ఏమీ లేదు. 'సారంగ దరియా'కు ఇవాళ ఎన్ని వ్యూస్ అని నిద్రలో లేపి అడిగినా చెప్పగల మేము, ఇంటి పాట మూడో చరణం చెప్పలేకపోయాం. తప్పు అక్కడ ఉంది.

అదే నెలలో ఒక వీడియో మా కంటబడింది. బంజారా డీజే మిక్స్ అని పేరు. వింటుంటే మధ్యలో ఒక ముసలి గొంతు. మా దాదీ గొంతు! రెండేళ్ల కింద మా తండాలో పెళ్లి జరిగినప్పుడు ఎవరో ఫోన్‌లో రికార్డు చేసుకుని ఉంటారు. దాని మీద డ్రమ్ములు వేసి ఎవరో తమ పేరుతో పెట్టుకున్నారు. పాట కింద దాదీ పేరు లేదు, తండా పేరు లేదు. "ఈ గొంతు మా దాదీది, పేరు రాయండి" అని అడిగాం. జవాబు రాలేదు. ఇప్పుడు మాకు దాదీ గొంతు వినాలనిపిస్తే ఆ డీజే మిక్స్ పెట్టుకోవాల్సిందే. మూడు నిమిషాల చప్పుడులో ఇరవై సెకన్లు ఆమె గొంతు ఉంటుంది. ఆమెవి మిగిలిన పాటలన్నీ ఆమెతోనే పోయినయి.

ఆ రాత్రి గ్రూప్‌లో ఎవరో ఒక్క మాట రాశారు. "కోమలి అడిగింది కూడా ఇదే గదా?"

చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. మార్చిలో మేము తిట్టిన మనిషి అడిగిందీ, ఆగస్టులో మేము అడిగిందీ ఒకటే. పాట జనానిదే కావచ్చు, కానీ ఏ నోట విన్నారో ఆ నోటికి ఒక పేరు ఉంటుంది. ఆ పేరు చెప్పండి, చాలు. మన దాకా వచ్చేసరికి అది న్యాయం అయింది. వేరేవాళ్లు అడిగినప్పుడు మాత్రం కుళ్లు అన్నాం. ఈ సభ ముందు, వాళ్లకు వినబడినా వినబడకపోయినా, మేము రాసిన ఆ మాటలకు తప్పు ఒప్పుకుంటున్నాం.

2021 చివరి నెల మళ్లీ మమ్మల్ని గాల్లో తేల్చింది. డిసెంబర్‌లో 'పుష్ప' సినిమా నుంచి ఒక పాట వచ్చింది. ఒకే పాటను అయిదు భాషల్లో అయిదుగురు పాడారు. తెలుగులో ఇంద్రావతి చౌహాన్, కన్నడలో మంగ్లీ. ఇద్దరూ అక్కాచెల్లెండ్లు. ఒక్క తండా ఇంటి నుంచి ఇద్దరు ఆడపిల్లలు ఒకే పాటను రెండు భాషల్లో పాడి వినిపించారు. ఇట్లాంటిది ఇంకెక్కడన్నా జరిగిందా? చెల్లెండ్లారా, ఇది గుర్తు పెట్టుకోండి. ఒకరు ముందు పోయి తలుపు తీస్తే వెనక ఇంకొకరు రావడానికి తోవ పడుతుంది.

పోయిన నెల 25న పద్మ పురస్కారాలు ప్రకటించారు. తెలంగాణ నుంచి పద్మశ్రీ వచ్చినవాళ్లలో ఇద్దరు పాట మోసేవాళ్లు. ఒకరు నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య. 12 మెట్ల కిన్నెర వాయిస్తూ ఊరూరా తిరిగి వీరుల కథలు పాడిన మనిషి. పోయిన సెప్టెంబర్‌లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆయన గొంతు వినబడేదాకా మనలో ఎంతమందికి తెలుసు? రెండో ఆయన మణుగూరు దిక్కు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య. డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథ నోటితోనే పాడేవారు. రేపటి నుంచే మేడారం జాతర. కోట్ల మంది మొక్కే ఆ తల్లుల చరిత్ర ఇట్లాంటి గొంతుల్లోనే తరాలుగా నిలిచింది. ఆ గొంతులు పోయేలోపు పక్కన కూర్చుని నేర్చుకునేవాళ్లు ఉండాలి. పురస్కారం గొప్పదే, కానీ అది ఆ పని చేయదు.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. బడిలో చెప్పరు. మన చరిత్రను పాడే ఢాడీలు తగ్గిపోయారు. మిగిలింది ఇంట్లో ముసలామె నోరు. అది కూడా మూసుకుపోతే వెతుక్కోవడానికి పుస్తకం కూడా లేదు.

అందుకే దసరా తర్వాత మేము ఒక పని మొదలుపెట్టాం. ఆదివారం ఆదివారం ఒక తండాకు పోతున్నాం. ముసలి యాడీల దగ్గర కూర్చుంటున్నాం. మొదట్లో "నాకేం వస్తయి బిడ్డా" అంటారు. చాయ్ తాగి, మోకాళ్ల నొప్పుల సంగతి మాట్లాడినంక ఒక పాట వస్తుంది. దాని వెనక ఇంకోటి వస్తుంది. ఇప్పటికి రెండు నోటుబుక్కులు నిండినయి. గొప్ప పనేం కాదు, ఆలస్యంగా మొదలైన పని. ఒక రాజాపేట దిక్కు యాడి ఢావ్లో పాడుతూ మధ్యలో ఏడ్చింది. తన పెళ్లినాడు తన యాడి పాడిందట, మళ్లీ ఇన్నేళ్లకు పాడిందట. మేము రికార్డింగ్ ఆపేసి ఆమె పక్కన కూర్చున్నాం. ఆ పాట మా దగ్గర సగమే ఉంది. సగమే ఉండనీయండి అనుకున్నాం.

మీలో ఎవరన్నా ఈ పని చేయాలనుకుంటే మేము పెట్టుకున్న పద్ధతి చెప్తాం.

ముందు అడగాలి. "యాడీ, రికార్డు చేసుకోవాలా?" అని అడిగి, ఆమె సరే అన్నాకే ఫోన్ తీయాలి. ఎవరికన్నా పంపాలంటే మళ్లీ అడగాలి.

పాట మొదలయ్యే ముందే ఆమె పేరు, తండా పేరు, తారీఖు ఆమె నోటితోనే చెప్పించాలి. ఫైల్ ఎక్కడికి పోయినా పేరు దాని వెంటే పోతుంది.

ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడగాలి. ఎప్పుడు పాడుతారో రాసుకోవాలి. తీజ్ పాట వేరు, సీత్లా పాట వేరు, పిల్లను సాగనంపే పాట వేరు. సందర్భం తెలియని పాట సగం పాటే.

గోర్ బోలి మాటలు తెలుగు అక్షరాల్లోనే, ఆమె పలికినట్టే రాసుకోవాలి. అర్థం కాని మాట ఉంటే అక్కడే అడగాలి. ఇంటికి వచ్చి మన తెలివితో సరిదిద్దొద్దు.

అన్నిటికన్నా చివరిది, అన్నిటికన్నా కష్టమైనది. రికార్డు చేసి దాచుకుంటే చాలదు, ఒక్క పాటైనా మనం నేర్చుకుని ఎత్తుకోవాలి. ఈ శ్రావణంలో మా తండాలో తీజ్ బుట్టల దగ్గర పాట ఎత్తుకోవడానికి ముగ్గురు చెల్లెండ్లు తయారవుతున్నారు. స్పీకర్ కూడా ఉంటుంది. కాకపోతే ముందు వాళ్లు పాడాలి, తర్వాత స్పీకర్.

అయితే మంగ్లీ అభిమానం మానేశారా అని కొందరు అడుగుతున్నారు. ఎందుకు మానేస్తాం? ఇప్పుడే నిజంగా అభిమానులం అయ్యాం అనుకుంటున్నాం. రేపు కొత్త పాట వచ్చినా మొదటి గంటలోనే వింటాం. ఎవరన్నా ఆమె పుట్టుకను తక్కువ చేసి మాట్లాడితే జవాబు చెప్తాం, కానీ బూతు లేకుండా, ఎదుటివాళ్లు రాసింది పూర్తిగా చదివి చెప్తాం. పాట మీద విమర్శ వస్తే వింటాం. ఆమె కూడా మనిషే, ప్రతి పాటా గొప్పగా ఉండాలని లేదు. పాట కింద ముందు పాడినవాళ్ల పేరు లేకపోతే, అది మంగ్లీ పాటైనా సరే, ఎవరి దగ్గరి నుంచి వచ్చిందని మర్యాదగా అడుగుతాం.

ఎందుకంటే మంగ్లీ గొంతు ఊరికే ఊడిపడలేదు. తండాలో దీపాలు లేని రోజుల్లో పాడుకున్న ఎందరో సోమ్లిల, బుధ్లిల, సక్రిల గొంతులు కలిసి ఆ గొంతు అయింది. ఆమె పేరు అందరికీ తెలిసింది, సంతోషం. మిగతా పేర్లు రాయడం మన పని. మీ ఇంట్లో దాదీ ఉంటే ఇవాళ సభ అయిపోయినంక ఫోన్ పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చోండి. ఫోన్ తర్వాత తీయొచ్చు. ముందు ఒక పాట అడగండి.

సేవాలాల్ బాపు మనకు నేర్పిన ప్రార్థన అందరి మేలు కోరుతుంది. సేన్ సాయి వేస్.

జై సేవాలాల్.